బస్సులో సినిమా తగువు

"ఆ సినిమా ఒట్టి సెత్త!"

వెనక సీటులోంచి ఆ మాట వినబడగానే, భార్య భుజం మీద వాలిపోతున్న పెదబాబు తల ఎత్తాడు.

మాడుగుల నుంచి చోడవరం పోయే పొద్దుటి బస్సది. తెల్లవారుతూనే పెదబాబుకి కడుపునొప్పి పట్టుకుంది. ఇంట్లో ఉన్న నల్లమందు గుళిక ఒకటి భార్య నూకరత్నం మింగించింది. తగ్గలేదు. కంగారులో ఇంకో రెండు మింగించింది. నొప్పి తగ్గింది గాని మనిషి నిలబడలేకపోయాడు. ఆసుపత్రికి బయల్దేరదీసింది.

ఎక్కేటప్పుడు కండక్టరు వలీ అడిగితే ఇదంతా చెప్పుకుని ఏడ్చింది. బస్సంతా విన్నారు.

"దిగులుపడకమ్మా," అన్నాడు వలీ. "ఏం పెదబాబూ, డేరా హాల్లో కొత్త సినిమా సూసేవా?"

"నాలుగుసార్లు సూసేను. అలాంటిది మరి రాదు," అని గొణిగి పెదబాబు కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడన్నాడు వెనక సీటు మనిషి, ఒట్టి సెత్త అని. యాభై ఏళ్ళుంటాయి. మాసిన గడ్డం, ఒళ్ళో గోనెసంచి.

"ఏటన్నావు?"

"సెత్తన్నాను. ఏటుంది అందులో?"

"ఏటుందా? రాకుమారుడు ఏనుగు తొండమ్మీద నడిసి కోటెక్కుతాడు!"

"అది బొమ్మేనుగు."

"నిజం ఏనుగే! సెవులాడిస్తాది!" పెదబాబు పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"బాబూ, ఆయనకి ఒంట్లో బాగోలేదు. మాటాడించకు," అంది నూకరత్నం.

ఆ మనిషి వినిపించుకోలేదు.

"మరి నీకు నచ్చని సినిమా ఏటి?"

"ఆ సవితితల్లిది. అంతా ఏడుపే. సగంలో లేచొచ్చేసేను."

"నాకదే మా బాగుంది."

"థూ! అదీ ఒక సినిమాయేనా?"

"సగమే సూసినోడివి, నీకేటి తెలుసు?"

పెదబాబు నాలుక మడత పడుతోంది. మాట మాటకీ రెప్పలు వాలుతున్నాయి. వాలినప్పుడల్లా ఆ మనిషి వేలితో భుజం మీద పొడుస్తున్నాడు.

"సెప్పవేటి? ఓడిపోయేవా?"

"ఓడిపోలేదురా..."

వడ్డాది వచ్చేసరికి పెదబాబు గడ్డం గుండెల మీద వాలిపోయింది. పొడిచినా కదల్లేదు.

ఆ మనిషి లేచి పెదబాబు చెంప మీద ఛెళ్ళున కొట్టాడు. "లే! కోటెక్కి ఏటి సేసేడో సెప్పు!"

నూకరత్నం ఆడపులిలా లేచింది.

"నీ సెయ్యి పడిపోనూ! సావుబతుకుల్లో ఉన్న మనిషిని కొడతావురా?"

"అమ్మా, నా మాట ఇను..."

"నీ మాటొకటి ఇనాలా? వలీ బాబూ, వీణ్ణి దింపుతావా, నన్ను సక్రాల కింద పడమంటావా?"

బస్సు ఆగింది. నలుగురూ కలిసి ఆ మనిషిని కిందికి తోసేశారు. వెనకే గోనెసంచి విసిరేశారు.

అతను బస్సు పక్కనే పరుగెత్తాడు. అరచేత్తో రేకు మీద కొడుతూ ఏదో అరుస్తున్నాడు. ఇంజను మోతలో, లోపలి తిట్లలో, ఒక్క ముక్కా వినబడలేదు. నూకరత్నం కిటికీ పరదా కిందికి లాగేసింది.

భర్త తల ఒళ్ళోకి తీసుకుంది. హమ్మయ్య, కాస్త నిద్రపట్టింది అనుకుంది.

చోడవరం ఆసుపత్రిలో డాక్టరు పెదబాబు రెప్పలు ఎత్తి చూశాడు. కంటిపాపలు ఆవగింజల్లా ఉన్నాయి.

"ఎప్పటినుంచి ఈ నిద్ర?"

"వడ్డాది కాడ నుంచి బాబూ."

"అంతవరకూ?"

"ఎవడో సినిమాల తగువు పెట్టుకున్నాడు. దింపించేసేను."

డాక్టరు పెదబాబు గుండెల మీద చెయ్యి వేసి చూశాడు.

"నల్లమందు ఎక్కువైతే నిద్రలోనే ఊపిరి ఆగిపోతుందమ్మా. ఆ తగువు ఇక్కడిదాకా సాగనివ్వవలసింది."

నూకరత్నం భర్త భుజాలు పట్టుకుని ఊపింది. మందు మింగించిందీ తనే. నిద్రపుచ్చిందీ తనే.

కడుపు కడిగారు. చిక్కటి కాఫీ డికాషను పట్టారు. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని వరండాలో ఈడుస్తూ నడిపించారు.

"మాట్లాడించమ్మా! ఆపకు!" అన్నాడు డాక్టరు.

ఏం మాట్లాడాలి? పిలిస్తే పలకడు. ఏడిస్తే వినడు.

"ఆ ఏనుగు సినిమా సెత్త మావా!" అని అరిచింది నూకరత్నం. "ఒట్టి సెత్త! కాదని సెప్పు! నన్ను తిట్టు మావా!"

చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. గొంతు పోయేదాకా సినిమాలన్నిటినీ తిట్టింది.

పొద్దు వాలేక పెదబాబు పెదవులు కదిలాయి.

"సెత్త... కాదే."

నూకరత్నం గోడకి చేరబడి కూలిపోయింది.

కాంపౌండరు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

"పరదేశి నీకు చుట్టమా అమ్మా?"

"పరదేశి ఎవరు బాబూ?"

"గోనెసంచి మనిషి. వడ్డాది నుంచి నడిచొచ్చేడు. లోపలికి రమ్మంటే రాలేదు. మీ ఆయన పలికేదాకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడే వెళ్ళిపోయేడు."

నూకరత్నం రోడ్డు మీదికి పరుగెత్తింది. అటూ ఇటూ చూసింది. అనకాపల్లి పోయే బెల్లం బళ్ళు తప్ప ఎవరూ లేరు. సందు సందూ వెతికి తిరిగి వచ్చింది.

"ఆయన ఊరేటి బాబూ? సినిమాహాల్లో పన్జేస్తాడా? అన్ని సినిమాలూ సూసినట్టు మాటాడేడు."

"సినిమాలా? పరదేశి సినిమా మొహం ఎరగడమ్మా," అన్నాడు కాంపౌండరు. "పోయినేడు ఇలాగే నల్లమందు ఎక్కువైన కూతుర్ని ఆ బస్సులోనే జోకొట్టుకుంటూ తెచ్చి, చల్లబడిపోయిన ఆ పిల్లని ఈ బల్ల మీద పడుకోబెట్టి, 'ఇప్పుడే నిద్దరట్టింది, లేపకండి బాబూ' అని మమ్మల్ని బతిమాలిన తండ్రి ఆయన."