ఇసక కింది నీళ్లు

సీసా పగిలిన చప్పుడుకి చంటిది ఉలిక్కిపడి ఏడ్చింది.

నాగమల్లేశ్వరి పిల్లను భుజాన వేసుకుని గుమ్మంలోకి పరుగెత్తింది. వీధి బోరింగు దగ్గర ఆమె మొగుడు మంగరాజు ఆ ముసలాయన సంచీ లాక్కుని, సీసాలు ఒక్కొక్కటీ దిమ్మకేసి కొడుతున్నాడు.

"రొయ్యల చెరువులోళ్లు పంపారా నిన్ను? మా నేల కొలవటానికొచ్చావా?"

"కాదు బాబూ. నీళ్లు పరీక్ష చేయిస్తున్నా, అంతే."

నాలుగు నెలలుగా వస్తున్నాడాయన. విజయవాడ నుంచి బస్సులో దిగడం, ఈ బోరింగు నీళ్లు ఒక సీసాకి పట్టడం, సముద్రం వెనక్కి తీసినప్పుడు ఒడ్డున ఇసక తవ్వి, ఊరిన నీళ్లు ఇంకో సీసాకి పట్టడం. పేరు కృపానందం అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

ఒడ్డు నీళ్లు పచ్చబడి, వలకు చేప తగలక ఊరంతా చిరాకు మీదుంది. కొత్త మొహం కనబడితే చాలు, అనుమానమే.

ముసలాయన గాజు పెంకులు ఏరుకుని, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"పిల్లకి డబ్బా పాలేనా అమ్మా?"

"ఔను. నీకెందుకు?"

"ఈ బోరింగు నీళ్లు కలపొద్దు. పైన పొలాల్లో చల్లిన యూరియా, పైరు తిన్నది పోను నేలలోకి దిగుద్ది. లోపల్లోపలే మీ బోరింగుకొచ్చి, ఇసక కింద నుంచి సముద్రంలో కలుసుద్ది. ఒడ్డున ఆ పచ్చదనం అందుకే. పెద్దాళ్లు తట్టుకుంటారు. చంటిపిల్లల ఒళ్లు నీలమైపోద్ది."

"కాచే పోస్తన్నా."

"కాస్తే నీళ్లు ఇగిరి ఆ విషం ఇంకా చిక్కబడుద్దమ్మా."

చీటీ మీద ఫోన్ నంబరు రాసిచ్చాడు.

"శాపనార్థాలు పెడతన్నాడు, పంపించెయ్!" అని అరిచాడు మంగరాజు.

ఆయన వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నాగమల్లేశ్వరికి మాత్రం మనసు నిలవలేదు. ఆ బోరింగు నీళ్లతోనే పాలు కలిపిన ప్రతిసారీ పిల్ల పెదాలు చూసుకునేది. చూసి, పిచ్చి అనుకుని, మళ్లీ చూసేది.

మూడో వారం ఒక పొద్దున పెదాలు నేరేడు రంగులో కనిపించాయి. గోళ్లు కూడా.

మొగుడు వేటనుంచి రాకముందే ఆటో ఎక్కింది.

అవనిగడ్డ ఆస్పత్రిలో డాక్టరమ్మ నోరు తెరవకముందే, "బోరింగు నీళ్లండీ, అందులో యూరియా ఉందండీ," అనేసింది.

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారమ్మా నీకు? గుండెజబ్బనుకుని ఊళ్లు తిరిగితే పిల్ల దక్కేది కాదు."

సాయంత్రానికి పెదాలు ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చాక, జరిగింది విని, చీటీ మంగరాజే వెతికి తెచ్చాడు. "నువ్వే చెయ్యి. నాకు మొహం చెల్లదు."

ఫోన్ ఎవరో ఆడమనిషి ఎత్తింది. కూతురట, పేరు స్టెల్లా.

"నాన్నగారు పోయి పది రోజులైందండీ. మీ ఊరు మళ్లీ వెళ్లాలి, వెళ్లాలి అంటూనే పోయారు."

నాగమల్లేశ్వరి ఒళ్లో పిల్ల పెదాలు ఒకసారి చూసుకుంది.

"ఏ ఆఫీసులో చేసేవారండీ? పెద్ద సైంటిస్టుగారా?"

"సైంటిస్టా? కాదండీ." అవతల గొంతు తగ్గింది. "నాన్నది ఎరువుల కొట్టు. మీ పై ఊళ్లన్నిటికీ ముప్పయ్యేళ్లు యూరియా తోలింది ఆయనే."