పేడపురుగు పైకప్పు

ఆ ఏడు అడవిలో ముందు కార్చిచ్చు రేగింది. బూడిద చల్లారేలోగా ఏరు పొంగి ఒండ్రు మేట వేసింది. మిగిలిన నాలుగు పండ్లూ తినేసి ఏనుగులు వలసపోయాయి. వాటి వెనక పేడ తప్ప ఏమీ మిగల్లేదు.

బెరడు కొరుక్కుని బతుకుతున్న కుందేలమ్మ, పిల్లలకు నడిచే బలం రాగానే తనూ పోదామనుకుంది. ఒకనాడు పేడపురుగు గుండన్న ఉండలు దొర్లిస్తూ ఎదురయ్యాడు.

"అడవే పోయింది, ఇంకా ఈ ఉండలెందుకయ్యా?"

"ఇంత పేడ నేను పుట్టాక చూళ్లేదక్కా. ఒండ్రు కూడా మెత్తగా ఉంది, తవ్వుకోవడానికి హాయి. మా ఆవిడ గుడ్లు పెట్టే వేళకి నలభై గదులు సిద్ధం."

పాపం, మతి పోయిందనుకుంది కుందేలమ్మ.

పదో నాడు బయల్దేరబోతే పిల్లలు కనిపించలేదు. వెతుక్కుంటూ పోయింది. గుండన్న పాతిన ప్రతి ఉండ మీదా పచ్చటి మొలకలున్నాయి. ఏనుగులు మింగిన గింజలే అవి. పిల్లలు మూతులు పచ్చగా చేసుకుని మేస్తున్నాయి.

కన్నంలోంచి గుండన్న తల బయటపెట్టాడు.

"మేస్తే మేయండి గాని, వేళ్లు పీకకండర్రా. అది మా ఇంటి పైకప్పు."

కుందేలమ్మ ప్రయాణం మానుకుని ఆ పక్కనే బొరియ మొదలుపెట్టింది. తవ్వుకోవడానికి నిజంగానే హాయిగా ఉంది.