కొడుకు చోటులో నిలబడ్డవాడు

"షార్ట్‌స్టాప్... రస్ టోలివర్!"

స్పీకర్‌లో ఆ పేరు వినగానే రూతు కుర్చీలోంచి లేచింది.

"ఏవండీ, ఇదేంటి? అక్కడ ఆడాల్సింది మనోడు కదా?"

"కూర్చో రూతూ. ఇవాళ సెకండ్ బేస్‌లో పెట్టారులే," అన్నాడు రత్నరాజు.

షార్ట్‌స్టాప్ అంటే బేస్‌బాల్‌లో రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడేవాడు. బంతి అందుకుని మైదానానికి అడ్డంగా అవతలి చివరిదాకా విసరగలిగినవాడికే ఆ చోటు.

వాళ్ల కొడుకు ఇమ్మాన్యుయేల్‌కి చిన్నప్పటి నుంచీ అదే చోటు. నేపర్‌విల్‌లో వాళ్ల గరాజ్ తలుపు మీది సొట్టలన్నీ వాడి చేతి చలవే. కాలేజీ అయ్యాక పెద్ద లీగ్ వాళ్లెవరూ పిలవలేదు. ఈ చిన్న ఊరి ప్రొఫెషనల్ జట్టు తీసుకుంది. ఇక్కడ బాగా ఆడితే పైవాళ్ల కంట్లో పడతాడని ఆశ.

ఆ ఆశకి అడ్డంగా ఇప్పుడీ టోలివర్.

నెరుస్తున్న గడ్డం. పరిగెడితే కుడికాలు కాస్త ఈడుస్తాడు. బేస్‌ల చుట్టూ ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడ నిలబెడతారు. ఊరూరా జట్లు మారుతూ వయసంతా గడిపాడు. పెద్ద లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు.

"తనకంటూ ఒక చోటు లేనోడు నా కొడుకు నోటికాడ కూడు లాక్కుంటాడా!" అంది రూతు పళ్లు కొరుకుతూ.

తర్వాతి ఆటలోనూ అంతే. ఆపై వారమూ అంతే.

కొడుకుకి ఫోన్ చేసి నిలదీసింది.

"కోచ్‌ని అడగవేంరా?"

"మమ్మీ, ఇట్స్ ఫైన్. సెకండ్ బేస్ కూడా గుడ్ ప్లేస్. ప్లీజ్, వదిలెయ్."

వాడి మెతకదనానికి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

ఒక సాయంత్రం పార్కింగ్ లాట్‌లో టోలివర్ ఎదురుపడ్డాడు. రూతు దారికి అడ్డంగా నిలబడి ఇంగ్లీషులోనే కడిగేసింది.

"సిగ్గుగా లేదా? నీ రోజులు అయిపోయాయి. పిల్లల్ని ఎదగనివ్వవా?"

అతను టోపీ తీశాడు.

"ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి మేడమ్. మీ అబ్బాయి చోటు మీ అబ్బాయికి వస్తుంది."

"ఇవ్వడానికి నువ్వెవరు?"

అతను టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు.

"చూశారా పొగరు!" అంది భర్తతో. ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

ఆదివారం ఆరాధన కాగానే రూతు తెలుగు చర్చి వాళ్లందరినీ వ్యాన్లలో ఆటకి తీసుకొచ్చింది. బిర్యానీ ట్రేలతో సహా.

రెండో ఇన్నింగ్స్‌లో టోలివర్ చేతిలోంచి బంతి జారింది.

రూతు లేచి నిలబడింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"బూ...!"

పక్కనున్న చర్చి స్నేహితురాలు షెరిన్ అందుకుంది. వెనకున్న కుర్రాళ్లు అందుకున్నారు. కాసేపటికి స్టాండ్ మొత్తం అదే అరుపు.

టోలివర్ తల తిప్పలేదు. నేల మీది బంతిని తీసి బంతి విసిరే పిచర్‌కి ఇచ్చి మళ్లీ తన చోటుకెళ్లాడు.

సెకండ్ బేస్ దగ్గర ఇమ్మాన్యుయేల్ వద్దు వద్దని చేతులు ఊపాడు.

"వాడిదంతా వాళ్ల నాన్న పోలికే. ఎవర్నీ ఒక్క మాట అననివ్వడు," అంది రూతు, ఇంకా గట్టిగా అరుస్తూ.

జట్టు ఓనర్ ఆ అరుపులన్నీ విన్నాడు. టికెట్ కొన్న జనమే వద్దంటుంటే ఈ వయసు మనిషిని ఎందుకు మొయ్యాలి అనుకున్నాడు. మర్నాడే టోలివర్‌ని జట్టులోంచి పంపించేశాడు.

"దేవుడు న్యాయం చేశాడు!" అని చర్చి గ్రూపులో మెసేజ్ పెట్టింది రూతు.

ఆ వారమే మళ్లీ ఆట.

"షార్ట్‌స్టాప్... ఇమ్మాన్యుయేల్!"

రూతు ఫోన్ ఎత్తి వీడియో మొదలుపెట్టింది.

బంతి నేల మీద దూసుకొచ్చింది. వాడు ఒడుపుగా అందుకుని, బలంకొద్దీ విసిరాడు.

బంతి సగం దూరం కూడా పోలేదు.

వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని.

లోపలి గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. మోచేతిలో లిగమెంట్ తెగింది, ఆపరేషన్ తప్పదు, ఈ సీజన్‌కి ఇంతే అన్నాడు చూసిన డాక్టర్.

"ఎప్పట్నుంచిరా ఈ నొప్పి?"

"మే నుంచి."

"ఒక్క మాట చెప్పలేదేం నాన్నా?"

"మీరు వర్రీ అవుతారు. టీమ్‌కి తెలిస్తే కట్ చేస్తారు." వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "రస్ నా త్రో చూసి పట్టేశాడు మమ్మీ. సెకండ్ బేస్ నుంచి త్రో షార్ట్ కదా, హీల్ అయ్యేదాకా అక్కడుండు అన్నాడు. ఆల్మోస్ట్ హీల్ అయింది. ఇంకొన్ని వీక్స్ ఆగితే సరిపోయేది."

రూతు గొంతు లేచింది.

"మరి నేనన్ని మాటలు అంటుంటే నోరు విప్పడేం?"

"ఎవరికీ చెప్పొద్దని నేనే ప్రామిస్ చేయించుకున్నా."

ఆమె బ్యాగులోంచి ఫోన్ తీసింది. "నంబర్ ఇవ్వు."

"ఆన్సర్ చెయ్యడు. కార్లో సామాన్లు వేసుకుని వెళ్లిపోయాడు. ఇంక ఆడడంట."

గుమ్మం దగ్గర నిలబడిన కోచ్‌కి ఇమ్మాన్యుయేల్ అదంతా ఇంగ్లీషులో చెప్పాడు.

"వయసైపోయాక పేరు కోసం పాకులాడుతున్నాడనుకున్నాను మేడమ్," అన్నాడు కోచ్. "ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడిన మనిషి, ఇన్నేళ్లలో నాకీ చోటు కావాలని నోరు తెరిచి బతిమాలింది ఒక్కసారే, మీ అబ్బాయి చోటు కోసం."