దారుల శాఖ వేసిన రాళ్లు

వాగు అవతల ఉన్న అక్క దగ్గరికి వెళ్లాలని కుందేలు అడవి దారుల శాఖను వంతెన అడిగింది. మంత్రి ఏనుగు దండలు వేయించుకుని, గట్టున శంకుస్థాపన రాయి పెట్టి, వాగులో దిగి నడిచి వెళ్లిపోయింది. తర్వాత మంత్రి అయిన ఎలుగుబంటి ఆ రాయి మీదే తన రాయి పెట్టింది. దానిమీద అడవిదున్న తనది పెట్టింది.

"వంతెన ఎప్పుడండీ?" అంది కుందేలు.

"రాయి పడిందిగా, ఇంకెంతసేపు" అంది దున్న.

ఏళ్ల తరబడి సాయంత్రాలు ఆ రాళ్లెక్కి చూస్తే రెల్లు పైన అక్క చెవులే కనిపించేవి. దున్న పెట్టిన రాయి ఎక్కాక ముఖం కనిపించింది. మూతంతా నెరిసిపోయింది.

అవతలి నుంచి అక్కే పిలిచింది.

"అవ్వా, అటు మా చెల్లి కనిపిస్తే, ఇంకా చూస్తున్నానని చెప్పవా?"