పద్దెనిమిది అంగుళాల చక్రాలు

పొద్దున కారు వెనక తలుపు అద్దం మీద నాన్న వేలిముద్రలు చూసి, అన్నయ్య విసుక్కుంటూ తుడిచాడు.

టైర్ల కొట్లో పద్దెనిమిది అంగుళాల చక్రాల మీద మనసు పారేసుకున్నాడు.

"మీ బండికి పదిహేనే సరి," అన్నాడు మేస్త్రీ. "ఇవి వేస్తే, వెనక పెద్దాయన చక్రాల కుర్చీ బరువుకి టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది."

"అయితే కుర్చీ బిగించే పట్టాలు పీకేయండి," అన్నాడు అన్నయ్య.

"నాన్న బయటికి రాగలిగేది ఈ కార్లోనే కదా అన్నయ్యా," అన్నాను.

"వేళకి నీళ్లు పోస్తున్నాంగా. పూలకుండీకి షికార్లెందుకే?"

మేస్త్రీ నవ్వలేదు. "కాస్త మెల్లగా, బాబూ," అన్నాడు.

కారు కొట్టు ముందే ఆగి ఉంది. పొద్దున తుడిచిన అద్దం కిందికి దించి ఉంది. లోపల నాన్న కూర్చుని ఉన్నాడు.