లీకు చూడొచ్చిన మనిషి

సిలిండర్ మళ్లీ ఖాళీ అయింది. నాలుగు రోజులైనా కాలేదు.

సుశీల్ కుమార్ తల పట్టుకున్నాడు.

బెంగుళూరులో బీరు తయారుచేసి అమ్మే హోటల్లో ఆరేళ్లు పనిచేసి, ఈమధ్యే ఇందుకూరుపేటకు తిరిగొచ్చాడు. అక్కడ నేర్చిన విద్యే ఇంట్లో మొదలుపెట్టాడు. వెనకగదిలో మూడు స్టీలు పీపాలు. వాటి పక్కన కార్బన్ డయాక్సైడు గ్యాసు సిలిండర్. ఆ గ్యాసు ఎక్కితేనే బీరుకు నురగ.

లైసెన్సు లేదు. అందుకే ఎవరడిగినా అల్లం సోడా అని చెప్పేవాడు.

నెల్లూరులోని గ్యాసు షాపుకు ఫోన్ చేసి కొత్త సిలిండర్ తెప్పించాడు. ఎక్కడో లీకుందని చెబితే, రేపు మెకానిక్‌ను పంపుతామన్నారు.

మర్నాడు పదింటికి గేటు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. మాసిన తెల్లచొక్కా.

"ఇక్కడ గ్యాసు సిలిండర్ దించినారంట..." అంటూ నసిగాడు.

"మీకోసమే చూస్తా ఉండాం. రండి!" అంది సుశీల్ భార్య ప్రత్యూష.

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

వెనకగదిలో ఏసీ నడుస్తోంది. కిటికీలు మూసి ఉన్నాయి. పీపాల పక్కనే చాపమీద సుశీల్ అవ్వ వెంకటశేషమ్మ పడుకుని ఉంది. ఇంట్లో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే.

"వీట్లో ఏముండాది?" అడిగాడాయన.

"అల్లం సోడా."

ఆయన వంగి ఒక పీపా మూత దగ్గర వాసన చూశాడు. సుశీల్ ముఖంలోకి చూశాడు.

చాపమీద అవ్వ మూలిగింది.

"అవ్వకేమయింది?"

"వారం నుంచి తలనొప్పి. ఎప్పుడు చూసినా మగతగానే ఉంటాది. డాక్టరు బీపీ అన్నాడు" అంది ప్రత్యూష.

ఆయన ముఖం మారిపోయింది. గబగబా కిటికీలు తెరిచాడు. అవ్వను లేపి, చెయ్యిపట్టి, మెల్లగా బయట అరుగు మీదికి నడిపించి కూర్చోబెట్టాడు.

"ఈ గ్యాసుకి రంగుండదు, వాసనుండదు అబ్బయా. బరువు. నేలకి దిగతాది. అవ్వ పడుకునేది నేలమీదే గదా."

సుశీల్ వెళ్లి ఏసీ ఆపేశాడు.

"ఒక గిన్నెలో సబ్బునీళ్లు కలపమ్మా."

"సామాన్లేమీ తేలేదా?" అన్నాడు సుశీల్.

"మా నాయన గోలీసోడాలు కొట్టేవాడు. ఆయనకీ సబ్బే సామాను."

ముందు సిలిండర్ వాల్వు మూశాడు. దానిమీది మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ముల్లు కొంచెం కొంచెంగా దిగింది.

"గ్యాసు పోతా ఉండాది."

వాల్వు మళ్లీ తెరిచి, మీటరు బిగించినచోట సబ్బు నురగ పూశాడు. బుడగలు చిన్నగా పొంగాయి.

"వాషరు నలిగిపోయింది."

"దొరికింది గదా, ఇంక చాలు" అన్నాడు సుశీల్.

"ఒకటి దొరికిందని ఆగితే రెండోది ప్రాణం తీస్తాది."

ప్రతి గొట్టం, ప్రతి అతుకు తడిమాడు. గంటన్నర పట్టింది. చివరికి మూడో పీపా మూతకింది రబ్బరు దగ్గర, ఆవగింజంత బుడగ ఒకటి లేచింది.

పాత సైకిలు ట్యూబుతో వాషర్లు కోసి రెండూ బాగుచేశాడు. మళ్లీ నురగ పూసి చూశాడు. బుడగ రాలేదు. అయినా సిలిండర్‌ను ఒక్కడే దొర్లించుకుంటూ వరండాలోకి చేర్చాడు.

అరుగు మీద అవ్వ కళ్లు తెరిచి, "ఆకలిగా ఉందే అమ్మాయ్" అంది. వారంలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

ప్రత్యూష కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుశీల్ ఐదువందల నోటు తీశాడు. ఆయన వద్దన్నాడు. గేటు దాకా వెళ్లి ఆగాడు.

"ఆ పీపాల్లో ఉండేది ఈ పొద్దే పారబొయ్యి అబ్బయా. రేపటిదాకా ఉంచబాక."

సుశీల్‌కు ఉక్రోషం వచ్చింది.

"నీ పని లీకు చూడ్డం. చూసినావు. మిగతాది నీకెందుకు?"

ఆయన గేటు గడియ తీశాడు. "అవ్వని మాత్రం ఆ గదిలో పడుకోబెట్టబాక" అని వెళ్లిపోయాడు. ఆయన పేరేమిటో ఎవరూ అడగలేదు.

"ఎందుకన్నాడో, పారబోసేద్దాం" అంది ప్రత్యూష.

"మూడు వారాల కష్టం! ఆదివారం మైపాడులో పార్టీకి ఇస్తానని ఒప్పుకొనుండా."

మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని ఒక కుర్రాడు వచ్చాడు.

"గ్యాసు షాపునించి. లీకన్నారంట?"

"పొద్దునే ఒకాయన వచ్చి చూసిపోయినాడే!"

"మా షాపులో మెకానిక్‌ని నేనొక్కడినే సార్."

ఎవరో పక్కషాపు మనిషై ఉంటాడనుకున్నాడు సుశీల్.

మర్నాడు ఉదయం ఇంటిముందు ఎక్సైజు జీపు ఆగింది. తిన్నగా వెనకగదికే వెళ్లారు. మూడు పీపాలతో పాటు సుశీల్‌నూ స్టేషన్‌కు తీసుకెళ్లారు.

అధికారి కాగితం ముందు పెట్టుకుని అడిగాడు.

"ఈ పీపాలు నిన్న పొద్దున కూడా ఆ గదిలోనే ఉండినాయా?"

"ఉండినాయి సార్."

"వాటిలో బీరే ఉండిందా?"

"అవును సార్."

ఇదంతా ఎందుకడుగుతున్నాడో సుశీల్‌కు అర్థం కాలేదు.

అధికారి ఆ జవాబులు రాసుకుని, లోపలిగది వైపు తిరిగి గట్టిగా పిలిచాడు.

"హజరత్తయ్యా, విన్నావా? సమాచారం వచ్చిందని నిన్న చూసిరమ్మంటే, సోడా తప్ప ఏమీ లేదని ఎట్లా రాసిస్తివయ్యా? ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఇందుకా పోగొట్టుకునేది?"

సుశీల్ ఆ పేరు ఎప్పుడూ వినలేదు.

ఖాకీ బట్టల్లో, విప్పిన బెల్టు చేత్తో పట్టుకుని వచ్చి, తలవంచుకుని నిలబడినవాడు, నిన్న అవ్వను చెయ్యిపట్టి అరుగు మీదికి నడిపించిన మనిషే.