రెండో చుక్క

కొల్లేటి చేపల చెరువుల్లో ఇప్పుడు కూలీలందరివీ చేపకళ్లే. కంట్లో ఎంజైము చుక్క పడితే చాలు, బురదనీళ్ల అడుగున రొయ్య మీసం కూడా కనిపిస్తుంది. పైకి తేలగానే మూసిన రెప్పల అంచున కాల్షియం చుక్క వేసి ఆ ఎంజైమును అణచాలి. లేదంటే ఎండ చూపును తినేస్తుంది. కూలీల కాల్షియంలో చెరువుల ఆసామి నీళ్లు కలిపాడు. పెద్దింట్లు అనే కూలిపిల్ల చెల్లెలి చూపు అలాగే పోయింది.

తూము కారుతోందంటే కూలీల మాట నమ్మక, ఈరోజు ఆసామి తనే ఎంజైము వేసుకుని దిగాడు. మిట్టమధ్యాహ్నం కళ్లు మూసుకుని తేలాడు.

"ఒసేయ్ పెద్దింట్లూ, చుక్కెయ్యవే!"

వేసింది.

"నా సీసాలోదేనా?"

"మీది కార్లో ఉండిపోయిందండి. ఇది మాదే, మీరు పంపిందే. తెరవండి ఆసామిగారూ, మా చెల్లి తెరిచిందిగా!"

ఆసామి రెప్పలు బిగించి గట్టు మీద కూలబడ్డాడు. "నీ కాళ్లు పట్టుకుంటానే, నా సీసా తేవే!"

కూలీలంతా చుట్టూ చేరారు. కారు వైపు ఒక్కరూ కదల్లేదు.